పాతిక శాతం బరువు దేనికి? పైల్ లోడ్ టెస్ట్‌లో కెంట్‌లెడ్జ్ నిలకడ లెక్క

పునాది కోసం నేలలోకి దింపిన స్తంభం, అంటే పైల్, ఎంత బరువు మోయగలదో తేల్చే పరీక్ష చూడ్డానికి సాదాగానే ఉంటుంది. పైల్ తల మీద హైడ్రాలిక్ జాక్, దాని మీద ఇనుప గర్డర్లు, వాటి మీద ఇసుక బస్తాలో కాంక్రీట్ దిమ్మెలో పేరుస్తారు. జాక్ పైకి తోస్తుంది, పైనున్న బరువు కదలదు, ఆ తోపు మొత్తం తిరిగి పైల్ మీద పడుతుంది. పైన పేర్చిన ఆ బరువు పేరే కెంట్‌లెడ్జ్. పరీక్ష పేరుకు పైల్‌కే అయినా, ముందు నిలబడి తీరాల్సింది ఈ తాత్కాలిక కట్టడం. మనిషి ఎత్తుకు మించి పేర్చిన వందల టన్నుల పక్కనే కూర్చుని మనుషులు గేజ్‌లు చదువుతారు. అలాంటి కట్టడాన్ని లెక్క వేయకుండా అలవాటు మీద కట్టేయడం సైట్లలో మామూలైపోయింది. అది మారాలి.

పైల్ పరీక్షల భారత ప్రమాణం, 2013లో సవరించిన ఐఎస్ 2911 నాలుగో భాగం ప్రకారం, కట్టడంలో వాడే పైల్‌కు చేసే రొటీన్ టెస్ట్‌లో సేఫ్ లోడ్‌కు (పైల్ మీద నిశ్చింతగా వేయదగ్గ బరువుకు) ఒకటిన్నర రెట్లు, ముందుగా నమూనా పైల్ మీద చేసే ఇనీషియల్ టెస్ట్‌లో కనీసం రెండున్నర రెట్లు లోడ్ పెట్టాలి. జాక్‌కు ఎదురు నిలిచే బరువు ఆ గరిష్ఠ లోడ్ కంటే 25 శాతం ఎక్కువ ఉండాలి. పేర్చిన బరువు గురుత్వ కేంద్రం పైల్ అక్షం మీదే పడాలి, జాక్ కూడా అదే అక్షం మీద ఉండాలి. ఈ మూడింటిలో మొదటిది అందరూ పాటిస్తారు, అది రిపోర్టులో కనిపిస్తుంది గనక. రెండోదాన్ని 'ఎందుకైనా మంచిది' అని ఉంచిన అదనం అనుకుంటారు. బస్తాలు తక్కువ పడ్డా, క్రేన్ అద్దె పెరిగినా ముందు కోత పడేది దానికే. నిజానికి ఆ పాతిక శాతం అదనం కాదు. టెస్ట్ చివరి గంటల్లో ఆ కట్టడం పక్కకు ఒరగకుండా ఆపేది అదొక్కటే.

ఎలాగో ఒక ఉదాహరణ మీద చూడొచ్చు. 600 మి.మీ. వ్యాసం ఉన్న పైల్, సేఫ్ లోడ్ 100 టన్నులు, రొటీన్ టెస్ట్ లోడ్ 150 టన్నులు. నిబంధన ప్రకారం కెంట్‌లెడ్జ్ 187.5 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలైతే 3,750. ఘనపు మీటరు కాంక్రీట్ దిమ్మె 2.4 టన్నులు తూగుతుంది కాబట్టి, గర్డర్ల బరువు కలుపుకుంటే ఇంచుమించు 75 దిమ్మెలు. ప్లాట్‌ఫామ్ 7 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. ప్రధాన గర్డర్లు రెండు చివరలకూ కాస్త లోపలగా రెండు సపోర్టు వరసల మీద కూర్చుంటాయి. ఒక్కో సపోర్టు 1.2 మీటర్ల వెడల్పు, దాని లోపలి అంచు పైల్ అంచుకు 1.5 మీటర్ల దూరంలో ఉంటుంది. కాబట్టి పైల్ మధ్య నుంచి సపోర్టు మధ్యకు 2.4 మీటర్లు, రెండు సపోర్టుల మధ్య 4.8 మీటర్లు.

జాక్ ముట్టనంతవరకు మొత్తం బరువు సపోర్టుల మీదే ఉంటుంది, ఒక్కో పక్క 93.75 టన్నులు. జాక్ పనిలోకి దిగాక అది మోసే ప్రతి టన్నూ సపోర్టుల నుంచి తగ్గుతుంది. 150 టన్నుల దగ్గర సపోర్టులకు మిగిలేది 37.5 టన్నులే, ఒక్కో పక్క 18.75. అంటే టెస్ట్ ముందుకు నడిచే కొద్దీ కట్టడం రెండు కాళ్ల మీద నుంచి ఒంటి కాలి మీదకు మారుతూ వస్తుంది. ఆ మిగిలిన 37.5 టన్నులే దాన్ని అటూ ఇటూ పట్టుకుని ఉంచుతాయి.

గురుత్వ కేంద్రం పైల్ అక్షం నుంచి ఎంత పక్కకు జరిగితే ఒక సపోర్టు పూర్తిగా ఖాళీ అవుతుందో లెక్కించడం కష్టం కాదు. జాక్ లోడ్‌ను మొత్తం బరువుతో భాగించి ఒకటి నుంచి తీసేయాలి. వచ్చినదాన్ని సపోర్టుల మధ్య దూరంలో సగంతో గుణించాలి. మన ఉదాహరణలో జాక్ మొదలు కాకముందు ఆ హద్దు 2.4 మీటర్లు. 75 టన్నుల దగ్గర 1.44 మీటర్లు. 150 టన్నుల దగ్గర 48 సెంటీమీటర్లు, అంటే సపోర్టుల మధ్య దూరంలో సరిగ్గా పదో వంతు. పాతిక శాతం బదులు పది శాతమే ఎక్కువ పెట్టి ఉంటే అదే హద్దు 22 సెంటీమీటర్లకు పడిపోతుంది. ఎదురు బరువు టెస్ట్ లోడ్‌కు సమానంగా ఉంటే హద్దు సున్నా. వేలెడు తేడా ఉన్నా ఒరుగుతుంది.

అరచేయి చాచినంత కంటే ఎక్కువే కదా, 48 సెంటీమీటర్లు చాలదా అనిపిస్తుంది. అది ఎలా కరిగిపోతుందో చూడాలి. రెండు వరసల్లో పై వరస దిమ్మెలు క్రేన్‌కు అందే వైపు 30 సెంటీమీటర్లు జరిగి కూర్చున్నాయనుకుందాం. మొత్తం గురుత్వ కేంద్రం 15 సెంటీమీటర్లు జరిగినట్టే. డ్రాయింగ్‌లోని పైల్ స్థానాన్ని బట్టి ప్లాట్‌ఫామ్ గుర్తు వేశారు, అసలు పైల్ దానికి ఐదు సెంటీమీటర్లు పక్కన పడింది. ఇప్పటికి 20. ఆ వైపుకు ఎదురుగా ఉన్న సగంలో బరువు లెక్కకంటే పది శాతం తక్కువ ఉంది. బస్తాల్లో ఇలా జరగడం చాలా తేలిక, 50 కిలోలని రాసుకున్న బస్తా 45 తూగితే చాలు. దాంతో మరో 9 సెంటీమీటర్లు కలిసి మొత్తం 29 అవుతుంది.

ఈ లోటుకు రెండు వైపులా పదునుంది. బరువు తగ్గింది కాబట్టి మొత్తం 178 టన్నులే, అందువల్ల హద్దు కూడా 48 నుంచి 38కి దిగింది. దీనికి తోడు ప్రెషర్ గేజ్ ఐదు శాతం తక్కువ చూపిస్తుంటే, 150 అనుకుంటూ నిజంగా పెడుతున్నది 157.5 టన్నులు. అప్పుడు హద్దు 28 సెంటీమీటర్లు. జరిగిన దూరం 29. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ పెద్ద తప్పు కాదు. అన్నీ ఒకే వైపు కలిసొస్తే చాలు, ఒక సపోర్టు గాల్లోకి లేస్తుంది.

సపోర్టు లేచిన క్షణంలో ఏం కనిపిస్తుందో జాక్ దగ్గరున్నవారికి బాగా తెలిసి ఉండాలి. పంపు కొడుతుంటే గేజ్ 149 దగ్గర ఆగిపోతుంది, ఇంక పెరగదు. లోడ్ పెరగకపోతే పైల్ కుంగుతోందేమో అనుకోవడం సహజం, అందుకే ఇంకా పంపు కొడతారు. కానీ జాక్ ర్యామ్ (జాక్‌లోంచి పైకి తోసుకొచ్చే కడ్డీ) పైకి వస్తున్నది పైల్‌ను నొక్కడానికి కాదు, ప్లాట్‌ఫామ్‌ను ఒక పక్కకు తిప్పడానికి. రెంటినీ వేరు చేసే గుర్తు ఒకటే. పైల్ నిజంగా కుంగుతుంటే పైల్ తల మీద కుంగుబాటు కొలిచే డయల్ గేజ్‌లు తిరుగుతాయి. ర్యామ్ కదులుతూ, డయల్ గేజ్‌లు కదలకుండా, లోడ్ పెరగకుండా ఉంటే ప్లాట్‌ఫామ్ లేస్తోందని అర్థం. వెంటనే పంపు ఆపాలి, మనుషుల్ని బయటికి పంపాలి, ఆ తర్వాత లోడ్‌ను మెల్లగా దించాలి. ఒక్కసారిగా వాల్వ్ తెరిస్తే లేచిన పక్క దభీమని సపోర్టు మీద పడుతుంది.

ఇదంతా టెస్ట్ చివరి దశ సంగతి. నేల విషయానికొస్తే అసలు గండం మొదట్లోనే ఉంది. సపోర్టుల కింది మట్టి మీద గరిష్ఠ బరువు ఉండేది జాక్ ముట్టుకోకముందు. 1.2 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు ఉన్న సపోర్టు వైశాల్యం 7.2 చదరపు మీటర్లు. దాని మీద 93.75 టన్నులంటే చదరపు మీటరుకు 13 టన్నులు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పైకి దొరికే మెత్తటి బంకమట్టి తీసుకుందాం. దాని కొహెషన్ (మట్టి తనంతట పట్టి నిలిచే బలం) 25 కిలోపాస్కల్ అనుకుంటే అది విరిగిపోయే ఒత్తిడి 5.14 రెట్లు, అంటే 128 కిలోపాస్కల్, చదరపు మీటరుకు ఇంచుమించు 13 టన్నులే. అంటే చివరి దిమ్మె పెట్టేసరికి నేల భద్రత ఏమీ మిగలని స్థితిలో ఉంటుంది. అక్కడ టెస్ట్ దాకా కూడా వెళ్లకుండానే, పేర్చేటప్పుడే ఒక పక్క దిగబడుతుంది.

రెండున్నర రెట్ల భద్రత కావాలంటే ఒత్తిడి చదరపు మీటరుకు 5.2 టన్నులు దాటకూడదు. ఒక్కో పక్క 18 చదరపు మీటర్లు కావాలి, 6 మీటర్ల పొడవుకు 3 మీటర్ల వెడల్పు. మెత్తటి పై పొర తవ్వి తీసి, మొరం లేదా కంకర పొరలుగా వేసి రోలర్‌తో తొక్కించి, దాని మీద స్లీపర్లు (అడుగున పరిచే దుంగలు) అడ్డదిడ్డంగా కాకుండా ఒక వరస పొడవునా, ఇంకో వరస అడ్డంగా పేర్చాలి. వెడల్పు ఎంత పెంచినా పెరిగేది పైల్‌కు బయటి వైపే. లోపలి అంచును పైల్ దగ్గరికి తెస్తే సపోర్టు కింది ఒత్తిడి పైల్ చుట్టూ ఉన్న మట్టిని బిగించి, ఫలితాన్నే పాడుచేస్తుంది.

నల్లరేగడి నేలల్లో ఇంకో చిక్కు. ఎండాకాలంలో అది రాయిలా ఉంటుంది, స్లీపర్లు కూడా అక్కర్లేదనిపిస్తుంది. లోడ్ పెట్టి ఉంచడానికే చాలా గంటలు పడుతుంది, చివరి లోడ్ 24 గంటలు అలాగే నిలపాలి. ఆ రాత్రి ఒక్క వాన పడితే పగుళ్లలోంచి నీళ్లు దిగి సపోర్టు కింద బురదవుతుంది. సపోర్టుల బయట నీళ్లు పారే కాలువ, ప్లాట్‌ఫామ్ మీద టార్పాలిన్ లేకుండా ఈ నేలలో పని మొదలుపెట్టకూడదు. ఇసుక బస్తాలు తడిస్తే బరువు పెరిగేది కూడా సపోర్టుల మీదే.

ఒక సపోర్టు రెండోదానికంటే 80 మి.మీ. ఎక్కువ కుంగిందనుకుంటే, 4.8 మీటర్లలో అది అరవైలో ఒక వంతు వాలు. గురుత్వ కేంద్రం సపోర్టు మట్టానికి 2.2 మీటర్ల ఎత్తులో ఉంటే దానివల్ల జరిగేది దాదాపు 3.7 సెంటీమీటర్లు. అది ఒక్కటే కట్టడాన్ని పడేయదు. పడేసేది వాలుతో పాటు వచ్చే మిగతావి: గర్డర్ కింది తలం వాలితే జాక్ నిట్టనిలువుగా నిలవదు, అంచు బస్తాలు జారతాయి, కుంగిన వైపే మట్టి ఇంకా మెత్తబడుతుంది.

ఇక గర్డర్లు. ఇక్కడ చాలామంది దృష్టికి రాని సంగతి ఉంది. జాక్ తాకకముందు గర్డర్ రెండు సపోర్టుల మీద ఆనిన మామూలు దూలం. మధ్యలో కిందికి కుంగుతుంది, కింది ఫ్లాంజ్ (గర్డర్ అంచున ఉండే అడ్డ పలక) సాగుతుంది. మన ఉదాహరణలో బరువు 7 మీటర్ల మీదా సమంగా పరుచుకుందనుకుంటే అప్పటి బెండింగ్ మూమెంట్ (దూలాన్ని వంచే ప్రభావం) 61 టన్ను-మీటర్లు. జాక్ 150 టన్నులకు చేరేసరికి అదే గర్డర్ మధ్యలో ఒక్క చోట ఆని, రెండు రెక్కలు కిందికి వేలాడే దూలం అవుతుంది. మూమెంట్ దిశ తిరగబడి 119 టన్ను-మీటర్లు అవుతుంది, ఈసారి సాగేది పై ఫ్లాంజ్, నలిగేది కింది ఫ్లాంజ్. పైనున్న అడ్డ దూలాలు పట్టి ఉంచేది పై ఫ్లాంజ్‌నే. కింది ఫ్లాంజ్‌కు పక్కల నుంచి ఏ పట్టూ లేదు. అది పక్కకు మెలితిరిగి పోవచ్చు. అందుకే ప్రధాన గర్డర్లను విడివిడిగా వదలకుండా, జాక్ దగ్గరా, మధ్య మధ్యలోనూ డయాఫ్రమ్ ప్లేట్లతో, కింది ఫ్లాంజ్‌ల మధ్య అడ్డ కట్లతో ఒకటిగా బిగించాలి. బైండింగ్ వైరుతో కట్టడం బిగించడం కింద లెక్కకు రాదు.

ఎన్ని గర్డర్లు కావాలి? 119 టన్ను-మీటర్లంటే 1,168 కిలోన్యూటన్-మీటర్లు. 250 మెగాపాస్కల్ ఈల్డ్ (ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) ఉన్న ఉక్కుకు పని ఒత్తిడి దానిలో 0.66 వంతు, అంటే 165 మెగాపాస్కల్. 600 మి.మీ. ఎత్తున్న ప్రామాణిక ఉక్కు దూలం ఐఎస్‌ఎంబీ 600కు, వంపును తట్టుకునే శక్తిని చెప్పే సెక్షన్ మాడ్యులస్ సుమారు 3,060 ఘనపు సెంటీమీటర్లు. రెండు పెడితే ఒత్తిడి 191, చాలవు. మూడు పెడితే 127, సరిపోతుంది. అయితే నేల మెత్తదని సపోర్టుల వెడల్పు 3 మీటర్లు చేశామనుకోండి. సపోర్టుల మధ్య దూరం 6.6 మీటర్లకు, ప్లాట్‌ఫామ్ 9 మీటర్లకు పెరిగి మూమెంట్ 149కి చేరుతుంది, అవే మూడు గర్డర్లలో ఒత్తిడి 159 అవుతుంది. దూరం పెరగడం ఒరుగుడు హద్దుకు మేలు, గర్డర్లకు భారం. మట్టి, గర్డర్, నిలకడ మూడూ ఒకే లెక్కలో చూడాలనేది ఇందుకే. మెత్తటి నేల కోసం సపోర్టులు జరిపి, పాత సైటు గర్డర్ డ్రాయింగునే వాడేస్తే ఒకచోట కొన్న భద్రతను ఇంకోచోట పోగొట్టుకున్నట్టే.

జాక్ ఆనే చోట గర్డర్ వెబ్ (రెండు ఫ్లాంజ్‌ల మధ్య నిలువు పలక) కూడా చూడాలి. ఐఎస్‌ఎంబీ 600 వెబ్ మందం 12 మి.మీ. జాక్ తల నుంచి లోడ్ వెబ్ దాకా వచ్చేసరికి అర మీటరు పొడవుకు పరుచుకుంటుందనుకుంటే ఒక్కో వెబ్‌కు 6,000 చదరపు మి.మీ. దొరుకుతుంది. మూడు వెబ్‌లూ సమంగా మోస్తే ఒత్తిడి 82 మెగాపాస్కల్. జాక్ మీది ప్లేటు పలుచనిదై మధ్య గర్డర్ ఒక్కటే మోస్తే 245, ఈల్డ్‌కు ఆనుకుని. మందపాటి స్ప్రెడర్ ప్లేటు, వెబ్‌ను గట్టిపరచేలా రెండు వైపులా వెల్డ్ చేసిన స్టిఫెనర్ పలకలు ఇక్కడ తప్పనిసరి. స్టిఫెనర్ సరిగ్గా జాక్ మీదికి రావాలి. గర్డర్ పెట్టేటప్పుడు పావు మీటరు జరిగితే ఆ స్టిఫెనర్ ఉన్నా లేనట్టే.

జాక్ విషయంలో నాలుగు పొరపాట్లు పదే పదే జరుగుతాయి. మొదటిది వాలు. ఒక్క డిగ్రీ వాలినా 150 టన్నుల లోడ్ 2.6 టన్నుల పక్క తోపును పుట్టిస్తుంది. జాక్ మీద గోళాకార సీటింగ్ కొద్ది వాలును సర్దుతుంది గాని, పైల్ తలే సమంగా లేకపోతే అది రక్షించదు. తలను గట్టి కాంక్రీట్ దాకా చిప్పింగ్ చేసి, గ్రౌట్‌తో మట్టం చేసి, దాని మీద ప్లేటు కూర్చోబెట్టాలి. రెండోది ఎత్తు సరిపోక జాక్ మీద చిన్న చిన్న ప్లేట్లు, ఇనుప ముక్కలు దొంతరగా పెట్టడం. ఆ దొంతర ఏ పట్టూ లేని స్తంభం. ముందే ఎత్తు లెక్క వేసుకుని ఒకే దళసరి స్పేసర్ చేయించుకోవాలి. మూడోది రెండు మూడు జాక్‌లు వాడేటప్పుడు వేర్వేరు ర్యామ్‌లున్నవి ఒకే పంపుకు కలపడం. ప్రెషర్ ఒకటే అయినా ర్యామ్ వైశాల్యం మారితే తోపు మారుతుంది, లోడ్ మధ్య నుంచి జరిగిపోతుంది. నాలుగోది ఒక జాక్ కాలిబ్రేషన్ చార్టుతో (ఏ ప్రెషర్‌కు ఎంత లోడో చెప్పే పట్టికతో) ఇంకో జాక్‌ను చదవడం. 250 మి.మీ. ర్యామ్ జాక్‌కు 150 టన్నులంటే చదరపు సెంటీమీటరుకు 306 కిలోలు. అదే ప్రెషర్ 220 మి.మీ. ర్యామ్‌లో 116 టన్నులే ఇస్తుంది. చిన్న ర్యామ్ చార్టుతో పెద్ద జాక్‌ను నడిపితే తప్పు రెండో వైపు పోతుంది, తెలియకుండానే పాతిక శాతాన్ని దాటేస్తారు. జాక్‌తో పాటు లోడ్ సెల్ పెట్టడం దీనికి చక్కటి విరుగుడు.

డయల్ గేజ్‌లను బిగించే కొలత కడ్డీ, అంటే డేటమ్ బార్, కట్టడాన్ని నిలబెట్టేది కాకపోయినా, కట్టడం ప్రవర్తన దాని రీడింగుల్లోకి దూరుతుంది. బార్ కాళ్లు పైల్ అంచుకు వ్యాసానికి మూడు రెట్లు, కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో ఉండాలంటుంది ప్రమాణం. సపోర్టులు ఉండేది కూడా సరిగ్గా అక్కడే. జాక్ లోడ్ పెరిగి సపోర్టుల బరువు తగ్గుతుంటే వాటి కింద అణిగిన మట్టి తిరిగి పైకి వస్తుంది, దాంతో బార్ కాళ్లూ లేస్తాయి, పైల్ ఉన్నదానికంటే ఎక్కువ కుంగినట్టు కనిపిస్తుంది. 600 మి.మీ. దాకా వ్యాసమున్న పైల్‌కు 12 మి.మీ. కుంగుబాటు దగ్గర తీర్పు మారే పరీక్షలో ఇది చిన్న విషయం కాదు. బార్‌ను సపోర్టు వరసల మధ్యగా, వాటికి సమాంతరంగా పొడవుగా వేసి, కాళ్లు వీలైనంత దూరం తీసుకెళ్లి, ఎండ తగలకుండా నీడ కట్టాలి.

టెస్ట్ నడుస్తుండగా చూడాల్సిన కొలతలు ఎక్కువేం లేవు. ప్లాట్‌ఫామ్ నాలుగు మూలలా స్కేలు అతికించి, దూరం నుంచి లెవెల్ పరికరంతో ప్రతి లోడ్ మెట్టు దగ్గరా చదవాలి. సేఫ్ లోడ్‌లో 20 శాతం చొప్పున మెట్లు పెంచుతారు కాబట్టి 150 టన్నులకు ఎనిమిది మెట్లు సరిపోతాయి. చివరి రెండు మెట్లలో ప్రతి పది నిమిషాలకూ చూడాలి. ఏ సపోర్టు దగ్గరైనా గర్డర్‌కూ స్లీపర్‌కూ మధ్య కాగితం దూరేంత సందు కనిపిస్తే లోడ్ పెంచడం ఆపాలి. డయల్ గేజ్‌లు చదివే మనిషి ప్లాట్‌ఫామ్ కింద కూర్చునే పద్ధతి పోవాలి. కెమెరాలతో, ఎలక్ట్రానిక్ గేజ్‌లతో బయటి నుంచి చదవడం ఇప్పుడు ఖరీదైన పనేం కాదు.

హైదరాబాద్ పరిసరాల్లో గ్రానైట్ రాయి పైకే తగిలే చోట్ల కెంట్‌లెడ్జ్ బదులు రాక్ యాంకర్లు (రాతిలోకి దించి బిగించే ఉక్కు కడ్డీలు) వాడొచ్చు. పేర్చిన బరువు ఉండదు కాబట్టి పైనుంచి కూలే భయం చాలావరకు పోతుంది. అక్కడ చూడాల్సింది యాంకర్లన్నీ సమంగా బిగుసుకున్నాయా, థ్రెడ్‌లు పూర్తిగా పట్టాయా అన్నది. చాలా పెద్ద లోడ్లకు పైల్ లోపలే జాక్ పొందుపరిచే బైడైరెక్షనల్ పద్ధతి ఉంది. దాన్ని కాంక్రీట్ పోయకముందే నిర్ణయించుకోవాలి.

కెంట్‌లెడ్జ్ వాడినచోట లోడ్ దించాక పని అయిపోయిందనుకోవడం ప్రమాదం. జాక్ వదిలాక సపోర్టుల మీదకు మళ్లీ 93.75 టన్నులు తిరిగొస్తాయి, అదీ వాన పడితే ఒకట్రెండు రోజులుగా నానిన నేల మీద. మూలల రీడింగులు నిలకడగా ఉన్నాయని చూసుకున్నాకే దిమ్మెలు తీయడం మొదలుపెట్టాలి. పేర్చేటప్పుడు గర్డర్ మధ్య నుంచి సపోర్టుల వైపు, రెండు పక్కలా ఒకటికొకటిగా ఎలా పెట్టారో, తీసేటప్పుడు దానికి తిరగేసి, పై వరస నుంచి, బయటి అంచుల దిమ్మెలు ముందుగా, ఈ పక్క ఒకటి ఆ పక్క ఒకటి తీయాలి. క్రేన్ ఒక వైపే ఉందని ఆ వైపంతా ముందు ఖాళీ చేస్తే, సపోర్టుకు బయట 1.1 మీటర్లు చాచుకుని ఉన్న ఎదుటి రెక్క బరువు గర్డర్‌ను ఎదుటి వైపుకు తిప్పడానికి చూస్తుంది. మొత్తం దిమ్మెలు దిగేదాకా జాక్‌నూ స్పేసర్‌నూ గర్డర్ కింది నుంచి బయటకు లాగకూడదు.